కిరాయి పెంచనియ్యి గని, ఆ దర్వాజ పెట్టియ్యి

ఎంత శాతం అని అడగకుండ్రి

నేను వకీలు పని బందు వెట్టి ఎక్కువ రోజులు గాలే. నల్లకోటు ఇంకా గోడ మొలకే ఏలాడుతున్నది. కొత్తగ కోర్టుకు పోతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తరు. చాయ తాగుతరు, మంచిగ మాట్లాడుతరు, ఆఖరికి ఒకటే అడుగుతరు. "మేడం, ఓనర్ కిరాయి ఏడాదికి ఎంత శాతం పెంచొచ్చు?"

ఆ మాట ఇంటె నాకు ఒళ్లు మండుతది. టమాటలు కిలో ఎంత అని అడిగినట్టు అడుగుతరు. ఇల్లు ఎసొంటిది, పాతదా కొత్తదా, కాయితం ఉన్నదా, ఏం రాసుకున్నరు, పెంచుడు ఎందుకు మతికొచ్చింది, గివేం అడగరు. శాతం చెప్తె రాసుకొని ఎల్లిపోతరు. గందుకే నోటితోటి చెప్పుడు బందు వెట్టి గిది రాస్తున్న. చదివేటోళ్లు చదువుతరు.

నా పుట్టిల్లు సిరిసిల్ల, అత్తగారిల్లు కోరుట్ల, పని నేర్చింది జగిత్యాల కోర్టుల. మా బాపు సాంచాలు నడిపేటోడు. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటరు. పిల్లలు పెద్దగైనంక, తల నెరువవట్టినంక లా చదివిన. "గీ వయసుల నీకు కోర్టేందే" అని మా ఆడిబిడ్డలు పడి పడి నవ్విన్రు. తర్వాత వాళ్ల పొలం పంచాయితీలన్ని నా దగ్గరికే వచ్చినయ్. ఆ ముచ్చట ఇడిశిపెడుదాం.

"ఇల్లు చూసినవా అక్కా?"

జగిత్యాలల మా సీనియర్ సారు నాకంటె వయసుల చిన్నోడు. ఆయన నన్ను అక్కా అంటుండె, నేను ఆయనను సార్ అంటుంటి. మనసు మంచిదే గని నోరు కత్తెర. ఏ ఇంటి కేసు వచ్చినా ముందుగాల ఒకటే అడుగుతుండె. "ఇల్లు చూసినవా అక్కా?" చూడలేదంటె ఫైలు ముట్టుకోకపోతుండె.

కోరుట్లల ఒక ఓనర్ ఉండె. మనిషి దుబాయిల, ఇంటికాడ భార్య. ఎనుక పోర్షన్ల ఒక టైలర్ కిరాయికి ఉంటుండె. ఓనర్ దుబాయికెళ్లి ఫోన్ చేసిండు. "ఎనుక కొత్త అర్ర కట్టించిన మేడం. కిరాయి పెంచుతున్నమని గట్టిగ నోటీసు రాయుండ్రి" అన్నడు. నేను గట్టిగనే రాసిన. చదువుకొని నాకు నేనే మురిసిన.

సారు చూడనన్న చూడలే. "ఇల్లు చూసినవా?" అన్నడు.

"ఓనరే చెప్పిండు గద సార్."

"ఆయన దుబాయిల కూసొని ఇల్లు చూసిండా? నువ్వన్న చూసిరా పో."

మూతి ముడుచుకొని పోయిన. ఎనుక నిజంగనే కొత్త అర్ర ఉన్నది, మీద రేకులు, లోపట మిషిన్లు. టైలర్ చేతిల టేపు పట్టుకొని బయటికొచ్చిండు. "మేడం, గీ అర్ర నేనే ఏసుకున్న. ఇటుక నాది, రేకు నాది, మేస్త్రి కూలి నేనే ఇచ్చిన. దీనికి నేనే కిరాయి కట్టాల్నా?" అన్నడు.

నేను ఓనర్ భార్య దిక్కు చూసిన. ఆమె నన్ను పక్కకు తీస్కపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "ఆయన వీడియో కాల్ల చూసిండు మేడం. నేనే కట్టించిన అనుకొని మస్తు మెచ్చుకున్నడు. పెండ్లైన కాడికెళ్లి ఆయన నన్ను మెచ్చుకున్నది గదొక్కసారే. నేను కాదని ఎట్ల చెప్పాలె?" అన్నది.

నోటీసు చింపి సంచిల ఏసుకున్న. సారుకు చెప్తె నవ్వలే. "ఓనర్ తన పైసలతోటి, కిరాయిదారు అడుగుతె పెట్టించిన సౌలతు, సౌకర్యం మీదనే కిరాయి పెరగాలె. కిరాయిదారు ఏసుకున్న దాని మీద గాదు. గిది మతికుంచుకో అక్కా, ఎప్పటికన్న పనికొస్తది" అన్నడు. పనికొచ్చింది. ఎట్ల పనికొచ్చిందో చెప్పెతందుకే ఇదంత రాస్తున్న.

పుస్తకంల ఉన్నది

చట్టం ముచ్చట మొత్తమే చెప్పకపోతె మీకు తృప్తి ఉండది. జర ఓపికతోటి ఇనుండ్రి.

ముందుగాల కాయితం చదువు. గడువు నడుస్తుండంగ నడుమల కిరాయి పెంచుత అంటె చెల్లది, పెంచుడు గురించి అండ్లనే రాసుకుంటె తప్ప. గడువు ఒడిసినంక ఇద్దరు ఒప్పుకుంటె కొత్త కిరాయి, ఒప్పుకోకపోతె పంచాయితీ. మున్సిపాలిటీ ఉన్న ఊర్లల్ల పాత ఇండ్లకు రెంట్ కంట్రోల్ చట్టం ఉన్నది. న్యాయమైన కిరాయి ఎంతనో తేల్చుమని ఓనరైనా అడుగొచ్చు, కిరాయిదారైనా అడుగొచ్చు. ఒకసారి తేల్చినంక ఊకె పెంచుడు లేదు. ఇందాక సారు చెప్పినట్టు సౌలతు పెట్టించాలె, లేకపోతె ఇంటి పన్ను పెరగాలె. కొత్తగ కట్టిన ఇండ్లు, కిరాయి ఎక్కువున్న ఇండ్లు ఆ చట్టం కిందికి రావు. ఆడ కాయితమే దిక్కు, నోటీసే దిక్కు. ఆ హద్దులు మారుతుంటయ్. నా మాట పట్టుకొని కోర్టుల నిలవడకుండ్రి, ఆనాటి చట్టం తీసి చదువుకోండ్రి.

ఇంకోటి. పంచాయితీ వెట్టుకున్న ఓనర్ "నీ కిరాయి నాకొద్దు" అంటడు. కిరాయిదారు ఖుషీ అయితడు, పిచ్చోడు. ఇయ్యకుంట ఊకుంటె రేపు ఎగ్గొట్టిండని ఖాళీ చేయిస్తరు. ఏ బ్యాంకుల ఎయ్యాల్నో చెప్పుమని నోటీసు ఇయ్యాలె, చెప్పకపోతె కోర్టుల జమ చెయ్యాలె. ఇగ నల్ల బందు చేసుడు, కరెంటు తీగ పీకుడు, గివి చేసే ఓనర్లను చూస్తె నాకు ఇప్పటికి కోపమే. కిరాయి పెంచాలంటె అడుగు, కోర్టుకు పో, ఆడిపిల్లలు తానం చేసే నీళ్లు బందు వెడుతవా? చట్టం అది ఒప్పుకోదు, నేను ఒప్పుకోను.

పుస్తకంల ఉన్నది గిదే. లేనిది నాకు లచ్చక్క నేర్పింది.

గెలిచిన కేసు

సిరిసిల్లల మా అన్న ఇంటికి పోయినప్పుడు లచ్చక్క నన్ను ఎతుక్కుంట వచ్చింది. బీడీలు చుడుతది. చేతులు తంబాకు వాసన. ఆమె భర్త కనకయ్య, బతుకంత సేట్ల దగ్గర సాంచాలు నడిపిండు, సొంత సాంచ ఒక్కటి లేదు. పక్షవాతం వచ్చి కుడి దిక్కంత పడిపోయింది, మంచంలనే ఉంటడు. రాజేశం అనే ఆయన ఇంట్ల ఎనుక పోర్షన్ల కిరాయికి ఉంటరు. ముందట రాజేశం ఉంటడు. ఇద్దరికి ఒకటే గేటు, ఒకటే దర్వాజ, రాజేశం వాకిట్లకెళ్లే లోపటికి పోవాలె.

"చెల్లె, వచ్చే నెలకెళ్లి కిరాయి రెండంతలు చెయ్యాలంటున్నడు రాజేశం" అన్నది లచ్చక్క.

కాయితం అడిగిన. చూస్తె గడువు ఇంకా మస్తు ఉన్నది. పెంచుడు ముచ్చట అండ్ల యాడ లేదు. నాకు సంబురమైంది. గిసొంటి సాపు కేసు వకీలుకు ఎప్పుడో గని దొరకది. అదే రోజు నోటీసు రాసి పంపిన. రాజేశం చదివించుకున్నట్టున్నడు, రెండో మాట మాట్లాడలే. "పాత కిరాయే ఇయ్యమనుండ్రి" అని మా అన్నతోటి చెప్పి పంపిండు.

లచ్చక్క మళ్ల వచ్చింది. నేను చాయ పెట్టించిన. ఆమె కప్పు ముట్టలే.

"గెలిచినవ్ చెల్లె. గని నా పని గాలే" అన్నది.

"గిదేంది లచ్చక్కా? ఇంకేం గావాలె?"

"మా ఆయన ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నడు. దవాఖానల పాణం పోతె యాడికి తీస్కరావాలె? పీనుగను నా ఇంట్లకు తేవద్దని రాజేశం మొఖం మీదనే చెప్పిండు. కిరాయి పెంచింది పైసల కోసం గాదు. భరించలేక మేమే ఎల్లిపోవాలని."

మా దిక్కు కిరాయి ఇండ్లల్ల ఇది ఉన్నదే. సావు అయితె ఓనర్ గేటుకు తాళమేస్తడు. మనిషిని రోడ్డు పక్కకు పరదా కట్టి పండవెట్టుడు చూసిన. దవాఖానకెళ్లి సీదా కాటికి తీస్కపోవుడు చూసిన. ఊపిరి ఉండంగనే మంచంతోటి బయట ఏసుడు సుత చూసిన. మాకు సొంత ఇల్లు ఉండె గనుక చూసి బాధపడి ఇంటికొచ్చి అన్నం తిన్న. అది కిరాయి ముచ్చటని నాకు ఎన్నడు తట్టలే.

"కిరాయి పెంచనియ్యి చెల్లె. ఇంకిన్ని బీడీలు చుడుత. గని ఆయనను ఇంట్లకెళ్లి సాగనంపుతమని కాయితంల ఒక్క లైను రాయించు."

నాకు కోపం వచ్చింది. "కిరాయి కడుతున్నన్ని రోజులు ఆ ఇల్లు నీ చేతుల ఉన్నట్టే లచ్చక్కా. నీ మనిషిని ఆపే హక్కు ఆయనకు లేదు. ఉన్న హక్కుకు మళ్ల ఎక్కువ కిరాయి కట్టుడేంది? నేను రాయ" అన్న.

"గేటుకు తాళమేస్తె? పీనుగను గల్లీల పెట్టుకొని నీకు ఫోన్ చెయ్యాల్నా?"

గా గడియల తాళం తీసే సెక్షన్ ఏ పుస్తకంల ఎతికినా ఉండది.

"నీకు కోపమొస్తె నాకేం లాభం చెల్లె" అనుకుంట చాయ తాగింది. అప్పటికే సల్లగైంది.

రాజేశం భయం

మర్నాడు రాజేశంతోటి కొట్లాడుదామనే పోయిన. నాలుగు సెక్షన్లు నోట్ల పెట్టుకొని పోయిన. గేటు కాడ సారు మాట మతికొచ్చింది. సరే, ముందుగాల ఇల్లు చూద్దామనుకున్న.

రాజేశం కుర్చీ ఏసిండు, నీళ్లిచ్చిండు. పక్క షెడ్డుల నాలుగు సాంచాలు నడుస్తున్నయ్, మాట ఇనవడాలంటె ఒర్రాలె. నేను మొదలువెట్టకముందే ఆయన అందుకున్నడు.

"నేను పాపాత్మున్ని గాదు వకీలమ్మా. కనకయ్య నాకు తెల్వనోడా? ఒక్క సేటు దగ్గరనే పని నేర్చుకున్నం. గని పాణం పోయిన నచ్చత్రం మంచిది గాకపోతె ఇల్లు ఇడిశిపెట్టాలంటరు పంచాంగం చూసే అయ్యగారు. నెలలకు నెలలు తాళమెయ్యాలె. ముందట నేనుంటి, పక్కకు సాంచాలుండె. ఇయన్ని ఏసుకొని నేను యాడికి పోవాలె? నాకెవలిస్తరు కిరాయికి?"

"గివన్ని నువ్వు నమ్ముతవా అన్నా?"

"నేను నమ్ముతనో లేదో ఎవలికి గావాలె. మా ఇంటిది నమ్ముతది. గల్లీ అంత నమ్ముతది. రేపు నా సాంచాల మీదికి పనోడు రాడు."

కొట్లాడుదామని పోయినదాన్ని, ఏం కొట్లాడుత? ఆయనకు భయం, ఆమెకు భయం. ఇద్దరి భయం ఒక్కటే, ఇల్లు లేకుంట అయితమని. లేచి ఎనుక పోర్షన్లకు పోయిన. కనకయ్య మంచం అర్ర నడుమల ఉన్నది. గాలి లేదు, ఎలుతురు లేదు. ఒక దిక్కు గోడ అవతల సందు. పిల్లలు ఆడుకునుడు ఇనవడుతున్నది.

బయటికొచ్చి అడిగిన. "అన్నా, అయ్యగారు ఇల్లు ఇడిశిపెట్టుమంటడు గద, ఇల్లంటె యాడిదాంక?"

"దర్వాజ కింది కడప వకీలమ్మా. ఒక్క కడప లోపట ఉన్నదంత ఒక్క ఇల్లు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్న. "మరి గా సందు దిక్కు గోడకు దర్వాజ పెట్టి, లోపటికెళ్లి నీ ఇంట్లకున్న తొవ్వ గోడ కట్టి మూసేస్తె?"

రాజేశం సాంచాల కాడికి పోయి బందు చేసి వచ్చిండు. ఒక్కసారి అంత నిశ్శబ్దమైంది. పోయి గోడ మీద చెయ్యి పెట్టి చూసిండు. "కడప ఏరైతె ఇల్లు ఏరే" అన్నడు, ఎవలికో చెప్తున్నట్టు.

"ఇంకోటి ఇను. ఆమె అడుగుతె నీ పైసలతోటి పెట్టించిన సౌలతు గది. దానికి కిరాయి పెంచుకోవచ్చు, చట్టమే ఒప్పుకుంటది. రెండంతలు గాదు, దర్వాజ ఖర్చుకు తగ్గట్టు."

మనిషి మొఖం అప్పుడు చూడాలె. పెంచుకో అని వకీలు నోట ఇన్న ఓనర్ గాయనొక్కడే అయి ఉంటడు.

దర్వాజ

ఇగ అయ్యగారిని పిలిపించిండు. ఆయన సందుల నిలవడి, లోపట నిలవడి, మంచిదే అన్నడు. ఇంటి నంబర్ ఏరే ఇయ్యమని మున్సిపాలిటీల దరఖాస్తు పెట్టించిన. కాయితం నేనే రాసిన. కిరాయిదారు కోరిక మీద ఓనర్ సొంత ఖర్చుతోటి దర్వాజ పెట్టించిండని, దాని మీద ఇంత కిరాయి పెరిగిందని, గడువు ఒడిసెదాంక మళ్ల పెరగదని రాసిన. ఆ దర్వాజకు తాళమేసుడు, అడ్డం పెట్టుడు ఓనర్‌కు లేదని, కిరాయిదారు ఇంట్ల మంచైనా చెడైనా దానికెళ్లే నడుస్తదని రాసిన. లచ్చక్క ఏలిముద్ర ఏసేముందు ఆ మాట నాతోటి మళ్ల మళ్ల చదివించుకున్నది.

దర్వాజ నిలవెట్టిన రోజు నేను పోయిన. చెక్కకు పసుపు రాసిన్రు, కుంకుమ బొట్లు పెట్టిన్రు. గోడ పగులగొట్టంగనే ఎండ వచ్చి సీదా కనకయ్య మంచం మీద పడ్డది. ఆయన కండ్లు చిట్లించుకొని చూసిండు. మాట సక్కగ రాకపోతుండె ఆయనకు. "గిది నేను పోయే తొవ్వనా?" అన్నడు.

"నోరు మూస్కో. గాలి రావాలని పెట్టించిన" అన్నది లచ్చక్క, బీడీల చాట దిక్కు తల తిప్పుకొని.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. వకీలు ఏడవొద్దంటరు. ఎవలన్నరో వాళ్లు గసొంటి దర్వాజ చూసి ఉండరు.

కిరాయి పెరిగిన కేసు నేను గెలిచినట్టా ఓడినట్టా అని కోర్టుల నా తోటోళ్లు అడిగిన్రు. మొదటి నోటీసుతోటి గెలిచిన, గని ఆ గెలుపు ఆమెకు అక్కెరకు రాలే. పిల్లలూ, మీ దగ్గరికి వచ్చినోళ్లు అడిగింది ఇనుండ్రి. మీకు తెల్సిన సెక్షన్ల పట్టేదే ఇనకుండ్రి.

మంచం

కనకయ్య చాన రోజులకు అదే దర్వాజకెళ్లి పోయిండు. గని నేను చెప్పేది అంతకంటె ముందుగాలి సంగతి.

దర్వాజ వచ్చినంక కనకయ్య జర తేరుకున్నడు. సందుల పోయేటోళ్లు ఆగి పలకరిస్తుండిరి. నేను సిరిసిల్లకు పోయినప్పుడల్ల రాజేశం గునుసుకుంట "దర్వాజ పెట్టిన కాడికెళ్లి మంచిగైతున్నడు వకీలమ్మా, కిరాయి తక్కువ చెప్పినవ్ నువ్వు" అని నవ్వుతుండె.

ఒక రోజు పొద్దున మా అన్న ఇంట్లనే ఉన్న, లచ్చక్క ఫోన్. "చెల్లె, జర జెప్పన రా. మల్లేశంను మా ఇంట్లకు తెచ్చిన. రాజేశం లొల్లి వెడుతున్నడు."

మల్లేశం అంటె కనకయ్య పక్క సాంచాల మీద పని చేసినోడు. అదే గల్లీల ఇంకో ఇంట్ల కిరాయికి ఉంటడు. సాంచాల మీదనే కుప్పకూలిండట, దవాఖానల పాణం పోయింది. అంబులెన్సు గల్లీలకు వచ్చెవరకు మల్లేశం ఉండే ఇంటి ఓనర్ గేటుకు తాళమేసి ఎటో పోయిండు. మల్లేశం భార్య రోడ్డు మీద కూసొని ఏడుస్తుంటె లచ్చక్క గిన్నెలు తోముడు ఇడిశిపెట్టి పోయింది. "నాకు దర్వాజ ఉన్నది, తేండ్రి" అన్నదట.

నేను పోయెవరకు సందు నిండ జనం. రాజేశం మొఖం ఎర్రగ చేసుకొని దర్వాజ ముందట నిలవడ్డడు. పీనుగ ఇంకా అంబులెన్సులనే ఉన్నది.

"నువ్వే చెప్పు వకీలమ్మా. కాయితం వాళ్ల ఇంటోళ్ల కోసం రాసినం. మల్లేశం వీళ్ల మనిషా?"

ఆయన మాట తప్పు గాదు. నేను రాసింది కిరాయిదారు ఇంట్ల మంచిచెడు గురించే. లచ్చక్క నా దిక్కు చూస్తున్నది, మల్లేశం భార్య నా దిక్కు చూస్తున్నది.

గుంపులకెళ్లి ఎవలో ముసలామె అన్నది. "గదంత తర్వాత. లోపట పాణం మీదున్నోడు ఉండంగ ఇంకోని పీనుగ తెచ్చుకుంటరానే? ఓ అవ్వా, గిదేం చోద్యం!"

అప్పుడు లోపటికెళ్లి కనకయ్య గొంతు ఇనవడ్డది. ఎడమ దిక్కు మూతితోటి ఒక్కో మాట నెట్టుకుంట మాట్లాడిండు.

"రాజేశం, నా మంచం గోడకు జరుపు. మల్లేశంకు జాగ సాలది."

ఆ దర్వాజ పెట్టించిన కాడికెళ్లి రాజేశం ఆ కడప ఒక్కసారి తొక్కలే, ఆయన ఇల్లు గాదు గద. చెప్పులు ఇడిశిండు. కడప దాటి లోపటికి పోయిండు. తలాపు దిక్కు లచ్చక్క పట్టింది, కాళ్ల దిక్కు రాజేశం పట్టిండు. కనకయ్య మీద ఉండంగనే మంచం లేపి గోడకు జరిపిన్రు. మల్లేశంను తెచ్చి నడుమల పండవెట్టిన్రు.